దూలం మీద ఫ్యూగె

మా ఊరి బడి మూసేసిన ఏడు
జిమ్నాస్టిక్స్ దూలాన్ని వేలానికి పెట్టారు.
ఎవరూ పాడలేదు.
రెండు బస్తాల బంగాళాదుంపలిచ్చి
నేనే ఇంటికి మోయించుకున్నాను.
ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఆడపిల్లల అరికాళ్ళు నునుపు చేసిన చెక్క,
పొయ్యిలో పెట్టడానికి మనసొప్పలేదు.

ఇప్పుడు దాని మీద కుక్కలు నడుస్తాయి.

తిసా నది కరకట్ట వెనక, నా ప్లమ్ చెట్ల మధ్య
ట్రాక్టరు టైరొకటి గొలుసుకి వేలాడుతుంది.
కాలువ పనివాళ్ళు వదిలేసిన సిమెంటు తూము సొరంగమైంది.
పాత తలుపుని పీపా మీద పడేస్తే తూగుబల్ల.
ఆగస్టు ఎండల్లో, వేట మొదలవకముందు,
జీపుల్లోంచి కుక్కల్ని దింపి
"పీరోష్కా టీచరుగారూ, దీని ఒళ్ళు కాస్త వంచండి" అంటారు.
వంచడం కాదు నాయనా,
ఒళ్ళు ఎంతవరకూ ఉందో దానికి చూపించడం.

అంబ్రుష్ తెచ్చినదాని పేరు ఫ్యూగె,
మా భాషలో అత్తిపండు.
తేనెరంగు విజ్లా, పద్నాలుగు నెలలది.
ముందు ముక్కు పరిగెడుతుంది, ముక్కు వెనక ఛాతీ,
ఆ తర్వాత ఏమొస్తుందో దానికి తెలియదు.
కుక్కకి వెనక కాళ్ళున్న సంగతి
ఎవరో ఒకరు చెప్పాలి.

నిచ్చెనని నేల మీద పరిచి
మెట్టు మెట్టుకీ నడిపించాను.
ముందు కాళ్ళు మర్యాదగా దాటేవి.
వెనకవి, తప్పతాగి పెళ్ళి నుంచి వస్తున్న బావమరుదుల్లా
ఒకదాన్నొకటి తన్నుకునేవి.
పది రోజులు.
ఏప్రన్ జేబులో ఉడికించిన కోడి కార్జం ముక్కలు,
ఆ వాసనకి వీధి పిల్లులన్నీ నాకు చుట్టాలు.
పదకొండో రోజు
వెనక ఎడమకాలు గాల్లో ఆగింది.
ఆలోచించింది.
మెట్టు దాటి మెత్తగా దిగింది.
ఫ్యూగె తల తిప్పి ఆ కాలిని చూసుకుంది,
ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో ఉన్న మనిషితో
మొదటిసారి మాట కలిపినట్టు.

అంబ్రుష్ గేటు బయటే సిగరెట్టు కాలుస్తూ నిలబడేవాడు,
లోపలికి రమ్మన్నా రాడు.
దూకే కడ్డీని ఇంకో జానెడు పైకి పెట్టమనేవాడు, రోజూ.
ఎందుకంత అంటే
"తీగ అంత ఎత్తుంటుంది" అనేవాడు.
ఏ తీగ అని నేనడగలేదు. ఊరందరికీ తెలుసు.
కిందటేడు ముళ్ళకంచెకి చీరుకుపోయిన ముసలి కుక్కని
కోటులో చుట్టుకుని
బీట్‌రూట్ చేలకి అడ్డంపడి నాలుగు కిలోమీటర్లు పరిగెత్తాడు.
ఆ కోటే ఇంకా తొడుక్కుంటాడు.
లోపలి గుడ్డ మాత్రం కొత్తది.

నవంబరులో నన్నూ రమ్మన్నారు.
కాలు వేస్తే మంచు కరకరమనే పొద్దు.
మొక్కజొన్న మోళ్ళలో ఫ్యూగె కొయ్యబారింది,
ఒక ముందుకాలు మడిచి, తోక గీత గీసినట్టు.
ఫెజంట్ పుంజు భగ్గున లేచింది.
లేచిన పిట్ట వెంట పడకూడదని నేర్పారు,
పడింది.
దాని ముందు మూడు వరసల ముళ్ళతీగ.
అంబ్రుష్ తుపాకి భుజానికెత్తాడు.
నేను అరవబోయాను, గొంతు పెగల్లేదు.
రెండు బారల దూరంలో ఫ్యూగె నడుము కుదించి
లేచింది,
ముందు కాళ్ళు దాటాయి, ఛాతీ, పొట్ట,
వెనక కాళ్ళు రెండూ
చలికి ముడుచుకున్న పిచ్చుకల్లా
కడుపు కింద చేరాయి.

తుపాకి పేలలేదు.
పుంజు ఏటివైపు సాగిపోయింది, దాని అదృష్టం.
అంబ్రుష్ తుపాకి కింద పెట్టి
కుక్క పొట్ట తడిమి చూసుకోవాలని
తనూ కంచె ఎక్కాడు.
చర్రుమంది.
కోటు కాదు. ప్యాంటు. వెనకవైపు.
తోటి వేటగాళ్ళు మర్యాద కోసం ఆకాశం చూశారు.

నా టోపీ అంచుకి సూదీ దారం ఎప్పుడూ ఉంటాయి.
జీపు బానెట్ మీద బోర్లా పడుకోబెట్టి కుట్టాను.
"రేపణ్ణించి నువ్వూ దూలమెక్కు" అన్నాను.
నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో
వీపు మీంచి తెలియలేదు.
ఫ్యూగె మాత్రం నా పక్కన చేరి
ఏప్రన్ జేబు కోసం ముక్కుతో వెతుకుతోంది.
ఇవాళ వేసుకు రాలేదని
దానికెలా చెప్పను?